ఒక పద్యం, ఒక పెన్సిలు: తెలుగు వ్యాకరణ, ఛందస్సు, అలంకార పదాలను అర్థం చేసుకునే దారి

తొమ్మిదో తరగతి చదువుతున్న మా మేనకోడలు ఒక రాత్రి ఫోన్ చేసి, "మామయ్యా, ఉత్తు అంటే ఏంటి?" అంది. మర్నాడు పరీక్ష. "ఉత్తునకచ్చు పరంబగునపుడు సంధియగు" అన్న సూత్రం దానికి కంఠతా వచ్చు. నా చిన్నప్పుడు నాకూ వచ్చు, నిద్రలో లేపి అడిగినా అప్పజెప్పేవాణ్ణి. ఉత్తు అంటే ఏమిటో మాత్రం నాకూ తెలియదు, ఎవరూ అడగలేదు, మార్కులు పడ్డాయి.

ఈ పదాలన్నిటినీ మనకు వేర్వేరు పాఠాలుగా చెబుతారు. సంధులు ఒక చోట, సమాసాలు ఇంకో చోట, ఛందస్సు పుస్తకం చివర. పద్యంలో అవి అలా విడివిడిగా ఉండవు. సంధి విడదీయకపోతే యతి కనబడదు, యతి తెలిస్తే మాట ఎక్కడ విరగాలో తెలుస్తుంది. ఛందస్సు చూస్తే కవి ఒక చోట సంధి చేసి ఇంకో చోట ఎందుకు మానాడో అర్థమవుతుంది. అందుకే ఒక్క పద్యం పట్టుకుని, దాని మీదే అన్ని పదాలనూ పరీక్షిద్దాం. పెన్సిలు, ఒక తెల్లకాగితం, చేతికందేలా ఒక నిఘంటువు ఉంటే చాలు.

పద్యం ఇది. 15వ శతాబ్దపు పోతన భాగవతం, అష్టమ స్కంధం. బలి చక్రవర్తిని మూడడుగుల నేల అడిగిన వామనుడు పెరుగుతున్నాడు.

ఇంతింతై, వటుఁడింతయై, మఱియుఁ దా నింతై, నభోవీథిపై
నంతై, తోయదమండలాగ్రమున కల్లంతై, ప్రభారాశిపై
నంతై, చంద్రుని కంతయై, ధ్రువునిపై నంతై, మహర్వాటిపై
నంతై, సత్యపదోన్నతుం డగుచు బ్రహ్మాండాంత సంవర్ధియై.

మొదటి అడుగు: పైకి చదవండి, మాటల పుట్టుక చూడండి

మూడుసార్లు గొంతెత్తి చదవండి. అర్థం తెలియకపోయినా ఫరవాలేదు. తర్వాత పెన్సిలుతో రెండు గుంపులు చేయండి: అమ్మమ్మ నోట వినే మాటలు ఒకటి, పూజారి నోట వినే మాటలు రెండు. ఇంత, అంత, తాను మొదటి గుంపు. నభస్సు, తోయదం, ప్రభ, బ్రహ్మాండం రెండో గుంపు.

మీరు చేసింది వ్యాకరణంలో పెద్ద విభజనే. సంస్కృతంతో సమానంగా ఉండి, చివర తెలుగు తోక తగిలించుకున్నది తత్సమం: వటుడు, చంద్రుడు. సంస్కృతం నుంచో ప్రాకృతం నుంచో వచ్చి తెలుగు నోట్లో నలిగి మారినది తద్భవం: ఆకాశం ఆకసమైంది, ముఖం మొగమైంది, విద్య విద్దె అయింది. బళ్ళో చెప్పే ప్రకృతి, వికృతి జంట ఇదే. పుట్టుకతోనే తెలుగు మాట దేశ్యం: ఊరు, చెట్టు, నీరు. బయటి భాషల నుంచి వచ్చింది అన్యదేశ్యం: దస్తావేజు పారసీకం నుంచి, బొత్తాం పోర్చుగీసు నుంచి.

ఈ విభజన ఎందుకంటే, తర్వాతి అడుగులో రెండు సంస్కృత పదాలు కలిస్తే ఒక రకం సూత్రాలు, తెలుగు పదం కలిస్తే ఇంకో రకం సూత్రాలు పనిచేస్తాయి. గుంపు తప్పితే సంధి పేరు తప్పుతుంది.

రెండో అడుగు: సూత్రాన్ని ముందు తెలుగులోకి దించుకోండి

పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం 19వ శతాబ్దపు పుస్తకం. సూత్రాలు పొదుపుగా ఉంటాయి, తంతివార్తలా. పది మాటల అర్థం తెలిస్తే సగం భయం పోతుంది.

అచ్చు, హల్లు మీకు తెలుసు. అత్తు అంటే పొట్టి అ. ఇత్తు అంటే పొట్టి ఇ. ఉత్తు అంటే పొట్టి ఉ. అంతే! అత్తగారికీ దీనికీ సంబంధం లేదు. పరం అంటే తర్వాత వచ్చేది, పూర్వం అంటే ముందున్నది. "ఉత్తునకచ్చు పరంబగునపుడు సంధియగు" అంటే, ఉ తర్వాత అచ్చు వస్తే రెండూ కలిసిపోతాయి. వాడు + ఎక్కడ = వాడెక్కడ. పక్కింటివాళ్ళతో మాట్లాడేటప్పుడు మీరు రోజూ చేసే పనే.

ఇక సూత్రం చివర వచ్చే మాటలు. నిత్యం అంటే తప్పనిసరి. వైకల్పికం అంటే మన ఇష్టం: ఏమి + అంటివి, ఏమంటివి అనొచ్చు, ఏమియంటివి అనొచ్చు. నిషేధం అంటే జరగదు. బహుళం అన్నది తమాషా మాట. ఒకచోట తప్పక జరుగుతుంది, ఒకచోట జరగొచ్చు జరగకపోవచ్చు, ఒకచోట అసలు జరగదు, ఒకచోట అనుకోనిది ఇంకేదో జరుగుతుంది. భాష మాట వినని చోట వ్యాకరణకర్త నిజాయితీగా చేతులెత్తేసిన మాటగా నేను దాన్ని చదువుకుంటాను.

ఆగమం, ఆదేశం అనే రెండింటికి పండితులు చెప్పే పాత పోలిక ఒకటుంది: ఆగమం మిత్రుడిలా వస్తుంది, ఆదేశం శత్రువులా వస్తుంది. మిత్రుడు వచ్చి పక్కన కూర్చుంటాడు, ఎవరినీ లేవమనడు. మా + అమ్మ = మాయమ్మ. య వచ్చి చేరింది, ఉన్నవేవీ పోలేదు. అది యడాగమం. శత్రువు ఉన్నవాణ్ణి వెళ్ళగొట్టి ఆ కుర్చీలో కూర్చుంటాడు. తల్లి, తండ్రి కలిసి తల్లిదండ్రులైనప్పుడు త పోయి ద వచ్చింది. కూర, కాయ కలిసి కూరగాయలైనప్పుడు క పోయి గ వచ్చింది. ఇది గసడదవాదేశం. పేరు చూసి జడుసుకోకండి, గ స డ ద వ అనే అయిదు అక్షరాలు వచ్చి కూర్చుంటాయని చెప్పడమే.

సంస్కృత సంధుల పేర్లకూ ఇదే వైద్యం. గుణాలు అంటే ఏ, ఓ, అర్. వృద్ధులు అంటే ఐ, ఔ. యణ్ణులు అంటే య, వ, ర. ఏది వచ్చి కూర్చుంటే ఆ పేరు. సవర్ణదీర్ఘం పేరే చెబుతోంది: ఒకే జాతి అచ్చులు కలిసి దీర్ఘమవుతాయి.

మూడో అడుగు: పద్యాన్ని విరవండి

ఇప్పుడు మొదటి మాట. ఇంతింతై అంటే ఇంత + ఇంత + ఐ. ఒకే మాట రెండుసార్లు వస్తే రెండోదాని పేరు ఆమ్రేడితం. అచ్చుకు ఆమ్రేడితం పరమైతే సంధి తరచుగా వస్తుంది. ఔర + ఔర = ఔరౌర లాగే ఇంత + ఇంత = ఇంతింత. ఆ తర్వాత ఇంత + ఐ కలిసి ఇంతై: అ లోపించింది, అకార సంధి, మేన + అల్లుడు = మేనల్లుడు లాగా.

రెండో మాట దగ్గర ఆగండి. వటుఁడింతయై. వటుడు + ఇంత ఉకార సంధి. మళ్ళీ అదే ఇంత, అదే ఐ, కానీ ఈసారి ఇంతై కాలేదు, ఇంతయై అయింది. సంధి జరగలేదు, య వచ్చి చేరింది. అంగుళం దూరంలో ఒకే జంట రెండు రకాలుగా కలిసింది. అకార సంధి బహుళం అన్న సూత్రం బట్టీ పట్టినప్పుడు ఏమీ అనిపించదు, ఇక్కడ చూస్తే మాత్రం బహుళం కళ్ళముందు నిలబడుతుంది. పోతన ఎందుకిలా చేశాడు? అయిదో అడుగు దాకా ఆ ప్రశ్న అలాగే ఉంచండి.

తర్వాత "మఱియుఁ దా". మాట చివర అర సున్న (ఁ) కనబడిందంటే అక్కడొక న్ దాగి ఉందని గుర్తు. మఱియున్ + తాను. ఈ న్ పేరు ద్రుతం. ద్రుతం చివర ఉన్న మాటలు ద్రుతప్రకృతికాలు, లేనివి కళలు. (ఈ కళకూ సంగీత నాట్యాల కళకూ చుట్టరికం లేదు.) ద్రుతం తర్వాత క చ ట త ప వస్తే గ జ డ ద బ లుగా మెత్తబడతాయి. కరుకైనవాటికి పరుషాలనీ, మెత్తనివాటికి సరళాలనీ పేరు. తాను కాస్తా దాను అయింది, కనుక సరళాదేశం. ద్రుతం తర్వాత అచ్చు వస్తే న్ దానితో అంటుకుపోతుంది: నభోవీథిపైన్ + అంతై = నభోవీథిపైనంతై. పాదాల మొదట్లో వరసగా కనిపించే "నంతై" అంతా ఇదే. అది నంతై అనే మాట కాదు, అంతై. ఈ సంగతి మళ్ళీ కావాలి.

సంస్కృత గుంపు త్వరగా తేలిపోతుంది. మండల + అగ్రము, బ్రహ్మ + అండము సవర్ణదీర్ఘం. సత్యపద + ఉన్నతుడు గుణసంధి. నభః + వీథి, మహః + వాటి రెండూ విసర్గ సంధులే, ఒకచోట విసర్గ ఓ అయింది, ఇంకోచోట ర్ అయింది.

నాలుగో అడుగు: సమాసాన్ని ప్రశ్న అడగండి

సంధి శబ్దాల కలయిక, సమాసం అర్థాల కలయిక. సమాసానికి పేరు పెట్టేముందు దాన్ని మామూలు మాటల్లోకి విప్పండి. ఆ విప్పిన వాక్యమే విగ్రహవాక్యం. తర్వాత ఒక్క ప్రశ్న: క్రియతో పని ఎవరికి?

"రాజుకొడుకు వచ్చాడు." వచ్చింది కొడుకు, అంటే రెండో పదం. తత్పురుష. రాజు యొక్క కొడుకు కనుక షష్ఠీ తత్పురుష. "అన్నదమ్ములు వచ్చారు." ఇద్దరూ వచ్చారు. ద్వంద్వం. "ముక్కంటి వచ్చాడు." మూడు రాలేదు, కళ్ళూ రాలేదు, మూడు కళ్ళున్న శివుడు వచ్చాడు. సమాసంలో లేనివాడు వస్తే బహువ్రీహి. "యథాశక్తి ఇచ్చాడు." ఇక్కడ శక్తిని ఇవ్వలేదు, శక్తికి తగినట్టు ఇచ్చాడు. మొదటి పదానిది పెత్తనం, అవ్యయీభావం. సంఖ్య ముందుండి ఆ వస్తువులనే చెబితే ద్విగువు: ముల్లోకాలు. పీతాంబరం అంటే పసుపుపచ్చని వస్త్రం, గుణమూ వస్తువూ కలిసిన కర్మధారయం. పీతాంబరుడు అంటే ఆ వస్త్రం కట్టినవాడు, బహువ్రీహి. చివరి అక్షరం మారితే కుటుంబమే మారిపోయింది.

మన పద్యంలో తోయదమండలాగ్రం చూడండి. తోయం నీరు, తోయదం నీరిచ్చేది, మేఘం. తోయదాల మండలం, దాని అగ్రం. రెండూ షష్ఠీ తత్పురుషలే, ఒకదాని మీద ఒకటి. నభోవీథి "ఆకాశం అనే వీధి" అని విప్పితే రూపకం, "ఆకాశపు వీధి" అని విప్పితే షష్ఠి. నాకు మొదటిదే ఇష్టం. నిన్నటిదాకా వీధిలో నడిచి వచ్చిన పిల్లవాడికి ఆకాశమూ ఒక వీధే. పరీక్షలో మాత్రం మీ పుస్తకం ఏది చెబితే అది రాయండి.

అయిదో అడుగు: లఘువు, గురువు

పొట్టి అక్షరం లఘువు, దానికి నిలువు గీత. దీర్ఘం గురువు, సున్న ఉన్నదీ విసర్గ ఉన్నదీ గురువు, పొల్లు పక్కనున్నదీ గురువు, జంట అక్షరానికి ముందున్నదీ గురువు. గురువుకు గుర్తు U. అర సున్నకు బరువు లేదు, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ఎనిమిది మూడక్షరాల గణాలు గుర్తుండడానికి ఒక్క మాట చాలు: యమాతారాజభానసలగం. ఏ గణం కావాలంటే ఆ అక్షరం దగ్గర మొదలుపెట్టి మూడు అక్షరాలు తీసుకోండి. య గణమా? యమాతా: లఘువు, గురువు, గురువు. స గణమా? సలగం: లఘువు, లఘువు, గురువు. ఈ మాట తయారుచేసినవాళ్ళకు చేతులెత్తి దణ్ణం పెట్టాలి.

మొదటి పాదం: ఇంతింతై (UUU, మ) / వటుఁడిం (IIU, స) / తయై మ (IUI, జ) / ఱియుఁ దా (IIU, స) / నింతై న (UUI, త) / భోవీథి (UUI, త) / పై (U, గ). మ స జ స త త గ. పందొమ్మిది అక్షరాలు. శార్దూలం.

ఇప్పుడు ఆపి ఉంచిన ప్రశ్న. శార్దూలం మూడు గురువులతో మొదలవ్వాలి, అందుకు ఇంతింతై సరిపోయింది. ఇంతింతయై అని ఉంటే మూడో అక్షరం లఘువై పద్యం మొదట్లోనే కుంటేది. వటుడు దగ్గర లెక్క తిరగబడింది: డిం తర్వాత లఘువు, గురువు కావాలి. ఇంతై అంటే అక్కడ లఘువే లేదు, ఇంతయై అంటే తయై సరిగ్గా కూర్చుంది. భాష "బహుళం" అని తలుపు తెరిచి ఉంచింది, కవి అవసరానికి తగ్గట్టు లోపలికీ బయటికీ నడిచాడు.

నాలుగో పాదంలో ఒకచోట మీరు తప్పక తడబడతారు. "అగుచు బ్రహ్మాండ"లో చు పక్కన బ్ర ఉంది, జంట అక్షరం, కనుక చు గురువు అనుకుంటారు. గణం చెడుతుంది. అగుచు తెలుగు మాట, బ్రహ్మాండం వేరే మాట. ఇలా మాట మారినచోట ముందున్న అక్షరం లఘువుగానే ఉండిపోయింది. ఒకే సమాసంలో ఉంటే మాత్రం బరువు తప్పదు: అదే పాదంలో సత్యలోని స చూడండి.

ఆరో అడుగు: యతి, ప్రాస

ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు, ఎందుకంటే ఈ రెండు మాటలూ బయట వేరే అర్థంతో తిరుగుతున్నాయి. సంస్కృత ఛందస్సులో యతి అంటే విరామం, ఊపిరి తీసుకునే చోటు. తెలుగులో యతి అంటే పాదం మొదటి అక్షరానికీ పాదం మధ్యలో ఒక నిర్ణీత అక్షరానికీ మైత్రి. సినిమా పాటల గురించి మాట్లాడుతూ "ప్రాస భలే కుదిరింది" అంటాం. అది అంత్యప్రాస, పాదాల చివర ఒకేలా వినబడడం. పద్యంలో ఉత్త ప్రాస అంటే నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావడం. మన పద్యంలో ఇం-తిం, నం-తై, నం-తై, నం-తై. ముందు సున్న, తర్వాత త, నాలుగు చోట్లా.

శార్దూలానికి యతి పదమూడో అక్షరం. మత్తేభానికి పద్నాలుగు, ఉత్పలమాలకు పది, చంపకమాలకు పదకొండు. యతి కుదరాలంటే హల్లూ కలవాలి, అచ్చూ కలవాలి. అచ్చుల్లో మూడు స్నేహాలు గుర్తుంచుకుంటే పని నడుస్తుంది: అ ఆ ఐ ఔ ఒకటి, ఇ ఈ ఎ ఏ ఒకటి, ఉ ఊ ఒ ఓ ఒకటి.

మొదటి పాదంలో లెక్కపెట్టండి. ఒకటో అక్షరం ఇం, పదమూడోది నిం. ఇ కీ ని కీ మైత్రి ఏమిటి? తాను + ఇంతై అని విరిస్తే ని లోపల ఇ దొరుకుతుంది. రెండో పాదం: మొదటి అక్షరం నం, పదమూడోది ల్లం. చూడ్డానికి శత్రువుల్లా ఉన్నారు. విరవండి. పైన్ + అంతై, కనుక మొదట ఉన్నది అ. అల్ల + అంతై, అక్కడా అ. మూడో పాదం: నం, నం. విరిస్తే రెండు చోట్లా అ. నాలుగో పాదం: నం, హ్మాం. బ్రహ్మ + అండం, మళ్ళీ అ.

మూడో అడుగులో సంధులు విడదీయకుండా నేరుగా ఇక్కడికి వచ్చినవాళ్ళు ఈ పద్యంలో యతి తప్పిందని రాసేస్తారు. ఒకసారి నేనూ అలాగే రాశాను, దాని మీద పడిన ఎర్ర సిరా సున్న ఇంకా గుర్తుంది.

దేశి పద్యాల్లో లెక్క కొంచెం మారుతుంది. ఆటవెలదిలో మొదటి పాదానికి మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సూర్యగణాలు రెండే: III, UI. ఇంద్రగణాలు ఆరు: నగ, సల, నల, భ, ర, త. (నగ అంటే న గణం పక్కన ఒక గురువు; సల, నల అంటే స గణం, న గణం పక్కన ఒక లఘువు.) వేమన పాదం "ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు" చూడండి: ఉప్పు / కప్పు / రంబు / నొక్కపో / లికనుండు. యతి నాలుగో గణం మొదట, నొ. కప్పురంబున్ + ఒక్క అని విరిస్తే ఉ కీ ఒ కీ మైత్రి. మళ్ళీ ద్రుతమే మధ్యవర్తి. రెండో పాదం "చూడ చూడ రుచుల జాడ వేరు"లో చూ కీ జా కీ అచ్చు కలవదు. కానీ చూడ, జాడ రెండింటిలో రెండో అక్షరం డ. యతికి బదులు ప్రాస కుదిర్చారు, దాని పేరు ప్రాసయతి. తేటగీతి, ఆటవెలది, సీసాల్లో ఇది చెల్లుతుంది, శార్దూలంలో చెల్లదు.

ఏడో అడుగు: అలంకారం, చెరువు గట్టున

ముందు ఒక చిన్న పరీక్ష. వాక్యంలో మాట తీసి అదే అర్థమున్న ఇంకో మాట పెట్టండి. అందం చచ్చిపోతే అది శబ్దాలంకారం, బతికుంటే అర్థాలంకారం. "అంతై"ల బదులు "అంత పెద్దవాడై" అని రాస్తే మోత పోతుంది. ఆ మోత శబ్దానిది, అనుప్రాసం.

అర్థాలంకారాల పేర్లు వరసగా బట్టీ పట్టొద్దు. ఒకే దృశ్యాన్ని ఇలా మార్చి మార్చి చెప్పుకోండి. మా ఊరి చెరువు ఎండకు మెరుస్తోంది.

చెరువు అద్దంలా మెరుస్తోంది: ఉపమ. చెరువు ఉపమేయం, అద్దం ఉపమానం, లా ఉపమావాచకం, మెరవడం సమానధర్మం. నాలుగూ ఉంటే పూర్ణోపమ, ఏదైనా లోపిస్తే లుప్తోపమ. చెరువనే అద్దంలో ఊరు మొహం చూసుకుంటోంది: రూపకం, రెండూ ఒకటైపోయాయి. మెరుస్తున్న ఆ చెరువు, ఆకాశం తన మొహం చూసుకోడానికి నేల మీద పెట్టుకున్న అద్దమో అన్నట్టుంది: ఉత్ప్రేక్ష, ఊహ. ఇది చెరువా, అద్దమా: సందేహం. ఒడ్డున వాలిన కాకి అద్దమే అనుకుని నీళ్ళలోని కాకిని ముక్కుతో పొడిచింది: భ్రాంతిమంతం. ఇది చెరువు కాదు, అద్దమే: అపహ్నుతి, ఉన్నదాన్ని కాదనడం. ఈ చెరువు వెలుగుకి మా ఊళ్ళో రాత్రి దీపాలే పెట్టరు: అతిశయోక్తి.

ఉత్ప్రేక్ష, సందేహం దగ్గర తికమక వస్తే ఒకటి చూడండి. సందేహంలో తూకం రెండువైపులా సమానం. ఉత్ప్రేక్షలో చెప్పేవాడికి అది చెరువేనని తెలుసు, తెలిసే ఊహిస్తున్నాడు. భ్రాంతిమంతంలో కాకికి అసలు తెలియదు.

శ్లేషకు పండితులు చెప్పే పాత ఉదాహరణే బాగుంటుంది: రాజు కువలయానందకరుడు. రాజు అంటే ప్రభువు, చంద్రుడు కూడా. కువలయం అంటే భూమండలం, కలువ కూడా. ఒక వాక్యం, రెండు నిజాలు.

మన పద్యానికి ఏ పేరు? మేఘం, వెలుగురాశి, చంద్రుడు, ధ్రువుడు, మహర్లోకం, సత్యలోకం. ఒకదాన్ని మించి ఒకటి మెట్లు ఎక్కుతోంది. ఇలా ముందుదానికంటే తర్వాతది గొప్పదవుతూ పోతే దాన్ని సారాలంకారం అంటారు. పరీక్షల్లో అంతగా అడగని పేరు. వ్యాఖ్యాతలు ఇంకో పేరు పెట్టినా గొడవపడను.

ఎనిమిదో అడుగు: మాట ఒకటి, అర్థం ఇంకోటి

"ఆటో, ఇటు రా" అని కేకేస్తే మూడు చక్రాల బండి తనంతట తాను రాదని మీకు తెలుసు. మాట ఆటోది, అర్థం నడిపేవాడిది. నిఘంటువు చెప్పే అర్థం అభిధ, అది అతకనప్పుడు పక్కకు జరిగి తీసుకునేది లక్షణ. "పొద్దుపోయింది" అని ఇంటాయన చుట్టంతో అంటే ఇక బయల్దేరమని. అదే మాట పశువుల కాపరి అంటే మందను మళ్ళించమని. ఇది వ్యంజన, ధ్వని అనేది దీనివల్లనే. ఈ కాలంలో వ్యంగ్యం అంటే ఎత్తిపొడుపు అయిపోయింది. అలంకారశాస్త్రంలో వ్యంగ్యం అంటే ధ్వనించే అర్థం, అందులో పొడుపు ఉండాలని లేదు.

రసం గురించి ఒక్కమాట. మనసులో స్థిరంగా ఉండే భావం స్థాయి, అది పండితే రసం. ఈ పద్యంలో విస్మయం స్థాయి, అద్భుతం రసం.

తొమ్మిదో అడుగు: చివరికి క్రియ వెతకండి

వ్యాకరణాన్ని అలంకారం కంటే తక్కువగా చూసేవాళ్ళకు ఈ అడుగు చూపిస్తాను. ఆ, ఈ, ఏ అనే మూడింటికీ కలిపి తెలుగు వ్యాకరణంలో త్రికం అని పేరు. వాటి సంతానమే అంత, ఇంత, ఎంత. ఈ దగ్గరిది, ఆ దూరానిది. మొదటి పాదంలో అన్నీ ఇంతలే: ఇంతింతై, ఇంతయై, ఇంతై. వామనుడు ఇంకా మన చేతికందేంత దగ్గర ఉన్నాడు, చెయ్యి పెట్టి "ఇంత" అని చూపించొచ్చు. పాదం విరిగే చోట, ఆకాశవీధి దాటగానే, అంతై. అక్కడి నుంచి మళ్ళీ ఇంత లేదు. అల్లంతై అన్న మాటలో వేలు పైకి లేవడం కూడా కనిపిస్తుంది.

ఇక క్రియలు. ఐ అంటే అయి. చేసి, వచ్చి, అయి లాంటివి క్త్వార్థకాలు, ఒక పని అయ్యాక ఇంకోటి ఉందని చెప్పేవి. సంస్కృతంలో ఆ పని చేసే ప్రత్యయం క్త్వా, అందుకే ఆ పేరు. చేస్తూ, అగుచు శత్రర్థకాలు. చేస్తే చేదర్థకం, చేసినా అప్యర్థకం. వీటన్నిటి ఇంటిపేరు అసమాపక క్రియ: వాక్యాన్ని ముగించని క్రియ. "అన్నం తిని" అని ఆగితే వినేవాడు మీ మొహం చూస్తూ ఉంటాడు. "పడుకున్నాడు" అంటే ముగుస్తుంది. అది సమాపకం.

పద్యంలో ఐ లు లెక్కపెట్టండి, పది. మధ్యలో ఒక అగుచు. సమాపక క్రియ ఒక్కటీ లేదు. బ్రహ్మాండం అంచుదాకా పెరిగాక కూడా సంవర్ధియై, "పెరిగినవాడై" అన్నాడే తప్ప పెరిగాడు అనలేదు. వాక్యం ముగియలేదు, పెరగడమూ ఆగలేదు.

అందుకే తర్వాతి పద్యంలోకి వెళ్ళాలి. "రవిబింబం బుపమింపఁ బాత్ర మగు ఛత్రంబై, శిరోరత్నమై" అని మొదలవుతుంది. పెరుగుతున్న ఆ పిల్లవాడికి సూర్యుడు మొదట తలపై గొడుగులా, ఆ తర్వాత తలమీది మణిలా, చెవికమ్మలా, మెడలో నగలా దిగుతూ దిగుతూ కాళ్ళకింద పీటలా అయిపోతాడు. ఇది మత్తేభం, స భ ర న మ య వ. (వ అంటే లఘువు, గురువు.) యతి పద్నాలుగో అక్షరం. ర కి మైత్రి ఎక్కడుందో వెంటనే కనబడదు, ఒక జంట అక్షరం లోపల నక్కి ఉంది. మా మేనకోడలికి అది దొరకడానికి పది నిమిషాలు పట్టింది.